మా ఇంట్లో ఇద్దరు మాస్టర్లు

డిసెంబరులో మా కూతురి బిడ్డ మౌనిక సెలవులకని నిజామాబాద్‌కు, మా ఇంటికి వచ్చింది. వచ్చిన తెల్లారి అన్నం ముందు పెట్టుకొని, ముద్ద ముట్టకుండా ఫోను చూస్తూ కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పరీక్ష ఏమన్నా తప్పిందో, ఎవడన్నా పిల్లగాడు మాట తప్పిండో అని నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మెల్లగా ఆరా తీస్తే తేలిందేమిటంటే, నార్వే దేశంలో సముద్రం ఒడ్డునున్న ఏదో చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు మొదటి తరగతి నుంచి రెండో తరగతికి దిగిపోయిందట. ఆ దుఃఖం చల్లారకముందే ఆ జట్టు కోచ్‌ను కూడా తీసేశారట. మా ఆవిడ ఊపిరి పీల్చుకొని కూరగిన్నె తీసుకొని లోపలికి పోయింది. నేను మాత్రం అక్కడే కూర్చున్నాను.

"నార్వే మనకేమైతది బిడ్డా?" అని అడిగాను.

"ఎండాకాలంల పెద్ద పెద్ద దేశాల ఆటలన్నీ బందుంటయి తాతా. అప్పుడు ఆడేది వీళ్లే. హాస్టల్‌ల మేమంతా వీళ్లవే చూస్తం. చూసీ చూసీ నా టీం అయిపోయింది. ఇప్పుడు వాళ్లకు మంచు. మంచు కరిగేదాకా ఆట ఉండదు. ఆఫ్ సీజన్. గీ ఆఫ్ సీజన్‌లనే అసలు పరేషాన్. ఎవరు పైకెక్కిండ్రు, ఎవరు కిందికి దిగిండ్రు, ఎవరిని తీసిండ్రు, ఎవరిని తెచ్చిండ్రు, దినాం గిదే."

ఆఫ్ సీజన్ అన్న మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు. పిల్లకు కోపం వచ్చింది. "నవ్వుతవేంది తాతా. పాపం గా కోచ్ ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఊరికి పోవాలె" అంది.

"మా ఇంట్ల అయితే ఖాళీ కూడా చెయ్యలే. తీసేసినాయన, ఆయన జాగల వచ్చినాయన ఏడాది పొడుగునా పక్కపక్కన కూసొని తిన్నరు. ఇద్దరికీ వడ్డించింది మా అవ్వ" అన్నాను.

పిల్ల ఫోను బోర్లా పెట్టింది. ఆ పూట దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. దానికి చెప్పినప్పుడు కొంచెం ఉప్పూ కారం ఎక్కువేసిన మాట నిజం. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టే.

బోధన్ అవతల, వర్ని పోయే దారిలో, చెరుకు తోటల నడుమ ఉండేది మా చక్కెర ఫ్యాక్టరీ కాలనీ. అక్కడి మనుషులకు రుతువులు ఆరు కావు, రెండే. ఒకటి సీజన్, ఇంకొకటి ఆఫ్ సీజన్. చలి మొదలవుతూనే సీజన్. గేటు నుంచి పెద్ద సడక్ దాకా చెరుకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడేవి. ఎడ్ల మెడ గంటలు, బండివాళ్ల బీడీల వాసన, ఉడికే రసం వాసన, దానిమీదుగా మొలాసిస్ గుంతల పులిసిన వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం ఆ వాసన లేకపోతే ఆకలి వేసేది కాదు. చిమ్నీ నుంచి నల్లటి మసి రాలి ఆరేసిన బట్టల మీద, అప్పడాల మీద, ఎండకు కూర్చున్న ముసలోళ్ల తెల్ల వెంట్రుకల మీద పడేది. మా అవ్వ, అంటే అమ్మ, రోజుకొకసారి బట్టలు దులుపుతూ ఆ చిమ్నీకి పెట్టే శాపాలు వింటూ పెరిగినవాళ్లం మేము. వానలు పడేసరికి ఆఫ్ సీజన్. మిల్లు ఆగిపోయేది. గేర్ల పళ్ల చక్రాలు విప్పి, కడిగి, గ్రీసు పెట్టి మళ్లీ బిగించే పని తప్ప వేరే పని ఉండేది కాదు. సాయంత్రాలు తీరిక. ఆ తీరికలోకి ఫుట్‌బాల్ వచ్చి కూర్చుంది. మిల్లుకు ఆఫ్ సీజన్ అంటే ఆటకు సీజన్, మిల్లుకు సీజన్ అంటే ఆటకు ఆఫ్ సీజన్. నార్వేలో మంచు చేసే పని మా దగ్గర చెరుకు చేసేది.

జట్లు రెండు దర్జాలు, అంటే రెండు తరగతులు. పైదాన్ని అవ్వల్ అనేవారు, కిందిదాన్ని దోయం. నిజాం జమానా నుంచి నడిచొచ్చిన ఉర్దూ మాటలు, మొదటిది, రెండోది అని అర్థం. బాయిలర్ హౌస్, మిల్ హౌస్, వర్క్‌షాప్, ఇట్లా ఒక్కో ఖాతాకు, అంటే విభాగానికి, ఒక జట్టు. ప్రతి ఏడూ అవ్వల్‌లో అందరికన్నా అడుగున మిగిలిన జట్టు దోయంకు దిగాలి, దోయంలో గెలిచింది పైకెక్కాలి. ఇందులో పెద్ద విశేషమేముంది అనుకుంటారేమో. అవ్వల్ ఆటలు ఆఫీసర్ల క్లబ్బు ముందరి పచ్చగడ్డి మైదానంలో జరిగేవి. సున్నం గీతలుండేవి, ఆట నడుమ నిమ్మ షర్బత్ ఇచ్చేవారు. దోయం ఆటలు పిప్పి కుప్పల వెనుక. చెరుకు పీల్చేసిన పిప్పి అది, గాలి వచ్చిందంటే కళ్లలో, నోట్లో, అంగీలో పడేది. షర్బత్ సంగతి దేవుడెరుగు, నీళ్లు కూడా మనమే తెచ్చుకోవాలి. దోయంకు దిగిన జట్టువాళ్ల పెండ్లాలకు నీళ్ల బోరింగు దగ్గర కూడా ఒక మెట్టు దిగినట్టే ఉండేది.

మా బాపు బాయిలర్ హౌస్‌లో ఫిట్టర్, ఆ జట్టుకు మాస్టర్. కోచ్ అన్న మాట మాకు తెలియదు, మాస్టరే. ఆయన జన్మలో బంతిని తన్నలేదు. మైదానం పక్కన స్టూలు వేసుకొని, వాన ఉన్నా లేకున్నా గొడుగు పట్టుకొని కూర్చునేవాడు. బాయిలర్ ఎట్లా నడపాలో జట్టు కూడా అట్లానే నడపాలని ఆయన నమ్మకం. ఆవిరి ఎక్కువ కావద్దు, తక్కువ కావద్దు, అన్నిటికన్నా ముఖ్యం ఏదీ పేలకూడదు. "ముందుకు పోవుడు ఎవలికైనా అస్తది. ఉన్న జాగల ఉండుడే కష్టం" అనేవాడు. ఆట ఉన్న పొద్దున జట్టు మొత్తాన్ని మా ఇంటికి పిలిచి జొన్నగట్క, మజ్జిగ తాగించేవాడు. ఆ గట్క కడుపులో రాయిలాగ కూర్చునేది. ముందుకు పోదామన్నా పోయేటట్టు ఉండేది కాదు. నేను అప్పటికి బాయిలర్‌లోనే అప్రెంటిస్‌గా చేరి, ఆ జట్టుకే గోల్‌కీపర్‌గా ఉండేవాడిని. పొడుగ్గా ఉన్నానని తప్ప నన్ను పెట్టడానికి వేరే కారణం లేదు.

ఆ ఏడు మేము అడుగుకు చేరాం. చివరి ఆట వర్క్‌షాప్‌తో. ఓడకుండా ఉంటే చాలు, అవ్వల్‌లో మిగులుతాం. బాపుకు అంతకన్నా ఏం కావాలి. పదిమందినీ నా ముందర గోడలాగ నిలబెట్టాడు. వర్క్‌షాప్‌వాళ్లు ఎంత తన్నినా బంతి ఎవడో ఒకడి కడుపుకు తగిలి వెనక్కి పోయేది. ఇక కాసేపట్లో అయిపోతుందనగా షిఫ్టు సైరన్ మోగింది. మా జట్టులో ఇద్దరు బ్యాకులు పాతకాలపు బాయిలర్ మనుషులు. ఏండ్ల తరబడి ఆ సైరన్‌కు లేచి, ఆ సైరన్‌కు తిని, ఆ సైరన్‌కు నడిచిన కాళ్లు. సైరన్ మోగిందో లేదో ఇద్దరూ గిర్రున తిరిగి గేటు దిక్కు నడక మొదలుపెట్టారు. ఒకాయన పోతూ పోతూ మైదానం పక్కనున్న తువ్వాల కూడా తీసుకొని భుజాన వేసుకున్నాడు. గోడలో తలుపు తెరిచినట్టయింది. వర్క్‌షాప్ పిల్లగాడు తీరిగ్గా లోపలికి వచ్చి, నేను ఎడమకు దుంకితే కుడికి తన్నాడు. బాపు గొడుగు మూసి, స్టూలు చంకన పెట్టుకొని ఇంటికి నడిచాడు. ఆ ఇద్దరూ గేటు దాకా పోయి, ఆ పూట తమకు సెలవని గుర్తొచ్చి తిరిగొచ్చేసరికి మేము దోయంలో ఉన్నాం.

మిల్లులో చెరుకు ఆడడం మొదలయ్యాక, క్యాంటీన్ వరండాలో ఫ్యాక్టరీ ఆటల కమిటీ కూర్చుంది. కమిటీ సెక్రటరీ ల్యాబులో పనిచేసే సారు, బహు మొహమాటస్థుడు. మాస్టర్‌ను మార్చాలని తీర్మానమైంది. ఆ సంగతి చెప్పడానికి ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చాడు. అవ్వ వేడివేడి సర్వపిండి పెట్టింది. తిన్నాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ తిన్నాడు. వానల గురించి, చెరుకు తీపి గురించి, నా అప్రెంటిస్ పని గురించి మాట్లాడాడు. బాపు చేతులు పట్టుకొని "నువ్వు బంగారం అసోంటి మనిషివి పోశన్నా" అన్నాడు. చెప్పాల్సింది చెప్పకుండానే లేచిపోయాడు. బాపుకు ఆ మాట మీద సంబురమైంది. "నా మీద భరోసా పోలేదు" అన్నాడు అవ్వతో.

భరోసా ఎక్కడికి పోయిందో మా ఇంట్లోనే ఇంకొకరికి తెలుసు. ఆయన మా లింగం మామ, అవ్వ తమ్ముడు. వేల్పూర్ నుంచి అక్కను చూసిపోదామని వచ్చి, కాంటా దగ్గర బండ్లు తూచే నౌకరి దొరికి, మా ముందరి అర్రలో మంచం వేసుకొని ఉండిపోయిన మనిషి. వెంట్రుకలకు నూనె రాసి పాపట తీసేవాడు. హైదరాబాద్ పోయినప్పుడు ఒక పెద్ద ఆట చూశాడట, అప్పటి నుంచి నోరు తెరిస్తే పాసింగ్. బంతి కాలి నుంచి కాలికి పోవాలి, మనిషి నిలబడకూడదు, ఇట్లా. కమిటీకి ఆ మాటలు నచ్చాయి. కొత్త మాస్టర్ ఆయనే. మామకు సంబురమూ ఉంది, బావ అంటే భయమూ ఉంది. అందుకని ముందుగా అవ్వకు చెప్పాడు.

అవ్వ ఆ మాటను మనసులో దాచుకునే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే, ఇద్దరూ పక్కపక్కన తింటుంటే, పెనం మీద రొట్టె తిప్పుతూ అంది, "బాయిలర్ టీంకు లింగాన్ని మాస్టర్ చేసిండ్రట. ఇంకో రొట్టె వెయ్యాల్నా?"

బాపు చెయ్యి ఆగింది. "ఎవలను అడుగుతున్నవు? నన్నా, మాస్టర్‌నా?" అన్నాడు.

అంతే. ఆ రొట్టె దగ్గర మాట బందయింది. ఆ రోజు నుంచి బాపు మామతో నేరుగా మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద, చెంబు కావాలన్నా నడుమ ఒక మనిషి కావాలి. "రాజూ, మీ మామకు చెప్పు, ఆయన కాలు నా చెప్పు మీద ఉంది" అనేవాడు బాపు. మామ కాలు తీసి, "మీ బాపుకు చెప్పు, సూడలేదని" అనేవాడు. నేను ఆ రెండు మాటలనూ చేతిమీదుగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు అందించేవాడిని. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉండేది. అయినా నేను చెప్పేదాకా ఆగి, చెప్పాక తలూపేవారు.

ఇంట్లో ఉండలేక బాపు డ్యూటీ దిగగానే చెరుకు బండ్ల అడ్డా దిక్కు పోయేవాడు. తమ వంతు వచ్చేదాకా బండివాళ్లు అక్కడే వండుకొని, అక్కడే పండుకునేవారు. వాళ్లకూ ఒక జట్టు ఉండేది, చుట్టుపక్కల ఊళ్ల చెరుకు రైతులూ వాళ్ల కొడుకులూ. ఏటేటా దోయంలో అడుగున వాళ్లే. వాళ్లను దించడానికి కింద ఇంకో దర్జా లేదు గనుక అక్కడే ఉండేవారు. వాళ్లలో పెద్దమనిషి గంగారాం, వర్ని దిక్కు రైతు. పొయ్యి దగ్గర కూర్చొని బాపుకు చెరుకు ముక్క ఇచ్చి, "మాకు మాస్టర్ లేడు సారూ. నువ్వుంటవా?" అని అడిగాడట.

"నేను ఓడిపోయిన మాస్టర్‌ను" అన్నాడు బాపు.

"మేము గెలిసింది ఎన్నడు?" అన్నాడు గంగారాం.

ఇక ఆ చలికాలమంతా బాపు బండ్ల నడుమ ఆట నేర్పించాడు. బండికీ బండికీ సందు తక్కువ, ఎడ్లు తోక విసురుతాయి, కింద పేడ. ఆ సందుల్లోంచి బంతిని ఎడ్ల కాళ్లకు తగలకుండా తీసుకుపోవాలి. గంగారాం కొడుకు సాయన్న అందులో మహా జోరు. వట్టి కాళ్లతో, నోట్లో చెరుకు ముక్క తీయకుండా, ఈ చివర మొదలుపెట్టి ఆ చివర తేలేవాడు. ఆ పిల్లగాన్ని చూసి, ముందుకు పోవడమంటే ఇష్టం లేని మా బాపు మొదటిసారి గొడుగు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడని ఊరంతా చెప్పుకున్నారు.

వానలు పడేసరికి మా ఇల్లు రెండు సైన్యాల విడిది అయింది. ముందరి అర్రలో మామ చింతగింజలు పరిచి జట్టును నిలబెట్టి చూసుకునేవాడు. వెనుక నీళ్ల గోళెం దగ్గర బాపు బొగ్గు ముక్కలతో అదే పని చేసేవాడు. నడుమ అవ్వ. చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా కూర్చునేది. ఆ చాట మీద వంగిన తల లోపల ఏం నడుస్తుందో మాకెవ్వరికీ అంతుబట్టేది కాదు. మొదట బాపే జారాడు. ఒకనాడు గొంతు తగ్గించి, "మీ తమ్ముడు ఏమంటున్నడు?" అని అడిగాడు.

"ఏమో. జొన్నలు గిర్నీకి వట్టుకపోయి పట్టించుకొస్తే గుర్తొస్తదేమో" అంది అవ్వ.

బాపు జన్మలో పిండి గిర్నీ మెట్టు ఎక్కిన మనిషి కాదు. జొన్నల సంచి నెత్తిన పెట్టుకొని పోయాడు. తిరిగొచ్చాక అవ్వ చెప్పింది, "అందరు ఎడమ దిక్కు నుంచే వస్తరట. కుడి దిక్కు ఒక్కడు ఉండడట."

ఆ సాయంత్రం మామ అడిగాడు. ఆయన వంతుకు బోరింగు దగ్గరి నుంచి కావడితో నీళ్లు మోసే పని పడింది. నీళ్లు నిండాక, "మీ బావ గోల్ ముందట బండ్లు నిలవెట్టినట్టు నిలవెడుతడట. ఒక్కడు కూడా ముందటికి రాడట" అని చెప్పింది.

నాకు ఆశ్చర్యమైంది. మామ జట్టులో ఆడేది నేనే, ఎడమ దిక్కు మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఇద్దరూ లేని సమయం చూసి, "అవ్వా, మామ గట్ల అనలేదు గదా?" అని అడిగాను.

అవ్వ ఆకు తిప్పి, దారం బిగించి, బీడీ చాటలో పడేసి అంది, "అనకుంటే ఏంది బిడ్డా. నీళ్లయితే నిండినయి."

ఆ వానాకాలమంతా మా ఇంట్లో పిండి తక్కువ కాలేదు, నీళ్లు తక్కువ కాలేదు. కట్టెలు కొట్టి గోడకు పేర్చి ఉండేవి. చూరు మీద పెంకులు సర్దారు. మేక తప్పించుకుపోతే ఇద్దరు మాస్టర్లూ చెరో దిక్కు వెతికి పట్టుకొచ్చారు. ఒక్కో పనికి ఒక్కో రహస్యం. ఒక్కటీ నిజం కాదు. ఫుట్‌బాల్ అంటే అవ్వకు ఏం తెలియదు, అందుకని ఆమె రహస్యాలు వినడానికి మహా కొత్తగా ఉండేవి. ఒకసారి బాపుతో, మామ తన జట్టును సగం ఆటయ్యేదాకా కూర్చోబెట్టి ఉంచుతాడని కూడా చెప్పింది. బాపు రెండు రోజులు ఆ మాట మీదే ఆలోచించాడు.

దోయంలో చివరి ఆట బాయిలర్‌కూ, సాయన్న జోరుతో ఆ ఏడు అడుగు నుంచి పైకొచ్చిన బండివాళ్లకూ పడింది. గెలిచినవాళ్లు అవ్వల్‌కు. ఆదివారం, మబ్బు పట్టిన మధ్యాహ్నం. బండివాళ్లు ఊళ్ల నుంచి పెండ్లాం పిల్లలతో బండ్లు కట్టుకొని వచ్చారు. అవ్వ కాలనీ ఆడవాళ్లతో పిప్పి కుప్ప పక్కనున్న గట్టు మీద కూర్చొని కాల్చిన మక్క కంకి ఒలుచుకుంటూ ఉంది. ఆట మొదలైంది, అయినా ఏమీ జరగలేదు. బాపు మనుషులు అందరూ మైదానానికి ఒక పక్కన గుంపుగా నిలబడి, మేము వస్తామనుకున్న దిక్కు కాపలా కాస్తున్నారు. మా జట్టేమో, ఎట్లాగూ వాళ్లు ముందుకు రారు గదా అని నడుమ నిలబడి ఒకరికొకరు బంతి అందించుకుంటూ, వాళ్లు విసిగి బయటికి వస్తారని ఎదురుచూస్తున్నారు. ఒకసారి బంతి దొర్లి ఖాళీగా ఉన్న పక్కకు పోయింది. అక్కడ ఎవ్వరూ లేరు. అది చాలాసేపు అక్కడే ఉంది. చూసి చూసి రెఫరీ సారు దాని దగ్గరికి నడిచిపోయి, "ఆడుతరా, ఇంటికి పోతరా?" అని అడిగాడు.

సగం ఆట అయ్యాక ఇద్దరు మాస్టర్లూ ఎవరి దిక్కున వాళ్లు నిలబడి ఆలోచించారు. నేను గోల్ దగ్గరి నుంచి చూస్తున్నాను. మొదట బాపు తల గట్టు దిక్కు తిరిగింది. కాసేపటికి మామ తల కూడా అటే తిరిగింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏడాదిలో వాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం అదే మొదలు. బాపు గట్టు దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఏంది గిది?" అన్నాడు.

"కంకి. తింటవా?" అంది అవ్వ.

రెండో సగంలో ఎవరికీ ఏ ఉపాయమూ మిగల్లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు ఉరికారు. అంత మంచి ఆట పిప్పి కుప్పల వెనుక ఎన్నడూ జరగలేదని తర్వాత అందరూ అన్నారు. సాయన్న మా జట్టు నడుమ నుంచి, ఎడ్ల బండ్ల సందులో నుంచి వచ్చినట్టే వచ్చాడు. నోట్లో చెరుకు ముక్క కూడా ఉంది. నేను ఎదురుపోయాను. వాడు ఆగి, నేను కింద పడేదాకా మర్యాదగా చూసి, పక్క నుంచి లోపలికి తన్నాడు. బండివాళ్లు తమ ఎడ్లు బెదిరేటంత కేకలు వేశారు. ఒక ముసలాయన మా బాపును బండి మీద ఎక్కించి కాలనీ చుట్టూ తిప్పాడు. ఓడిన జట్టు గోల్‌కీపర్‌ను నేను. కానీ ఆ బండి మీద గొడుగు పట్టుకొని కూర్చున్న మా బాపును చూసి నవ్వు మొహం దాచుకోవడానికి గోడ చాటుకు పోవాల్సి వచ్చింది. తెల్లారి నుంచి మా ఇంట్లో నీళ్లు నేనే మోశాను. రహస్యాల దుకాణం మూతపడింది.

మళ్లీ చెరుకు వచ్చింది, మళ్లీ వరండాలో కమిటీ కూర్చుంది. ఈసారి సెక్రటరీ సారు మా ఇంటికి కూడా రాలేదు. మామను తీసేశారు. మామ ట్రంకు పెట్టె మంచం మీద పెట్టి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. అవ్వ బీడీల చాట పక్కన పెట్టి తలుపు దగ్గర నిలబడింది. ఆమెకు ఏం చేయాలో తోచకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అప్పుడే బాపు డ్యూటీ దిగి, మసి మొహంతో లోపలికి వచ్చాడు. పెట్టెను చూశాడు. నా దిక్కు చూసి ఏదో చెప్పబోయి, ఆగి, తిరిగి మామతోనే అన్నాడు.

"యాడికి?"

మామ చేతిలో అంగీ జారింది. "వేల్పూర్‌కు బావా. పసుపు తవ్వుడు, ఉడకవెట్టుడు ఉంటది. మనుషులు కావాలె."

"నాకూ మనిషి కావాలె. అవ్వల్‌ల ఆడాలె. నాకు నీ పాసింగ్ గీసింగ్ రాదు."

"నన్ను తీసేసిండ్రు బావా" అన్నాడు మామ.

"నన్ను తియ్యలేదా? సచ్చిన్నా నేను?" అన్నాడు బాపు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి పోతూ, "కడుక్కొని అస్త. బువ్వ తిందువు రా" అన్నాడు.

మామ ఆ పెట్టెను మంచం కిందికి తోశాడు. ఆ రోజు అన్నం దగ్గర ఇద్దరూ ఏడాది మాటలు ఒక్కసారే మాట్లాడుకున్నారు, అందులో సగం అవ్వ చెప్పిన రహస్యాల లెక్క సరిచూసుకోవడమే. అవ్వ మాత్రం వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఇప్పుడు ఆ చిమ్నీలో పొగ లేదు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, ఆ గడ్డి మైదానంలో తుమ్మలు మొలిచాయి. బాపు, మామ, అవ్వ ముగ్గురూ లేరు. మౌనిక ఫోనులో ఆ నార్వే కోచ్ ఫొటో చూపించింది. బాగానే ఉన్నాడు, మంచి కోటు. ఆయన వెళ్తూ ఒక మాట చెప్పాడట, క్లబ్బు ఒక మాట చెప్పిందట, రెండూ చాలా మర్యాదగా ఉన్నాయట. బాగుంది. మా దగ్గర అంత మర్యాద ఉండేది కాదు, అలిగితే ఏడాది అలిగేవాళ్లం. కానీ తీసేసిన మనిషి మాయమైపోయే వసతి మాకు లేదు. పొద్దున లేస్తే అదే బోరింగు, అదే పొయ్యి, అదే పెనం మీది రొట్టె. ఇది గొప్పా, అది గొప్పా అని పిల్ల అడిగితే నేను చెప్పలేకపోయాను. అలిగినప్పుడు మా పద్ధతి నరకంగా ఉండేది. అలక తీరాక మాత్రం అంతకన్నా సుఖం నేను ఎక్కడా చూడలేదు.

అవ్వల్‌లో ఏమైంది అని పిల్ల అడిగింది. ఏమవుతుంది. అక్కడ బూట్లు లేనిదే మైదానం మీదికి రానియ్యరు. బండివాళ్లు ఎవరెవరి దగ్గరో బూట్లు అడుక్కొచ్చి వేసుకున్నారు. మొదటిసారి డెక్కలకు నాడాలు కొట్టించుకున్న ఎడ్ల లాగ కాళ్లు ఎత్తి ఎత్తి నడిచారు. సాయన్నకు బంతి ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. షర్బత్ మాత్రం అందరూ రెండేసి గ్లాసులు తాగారు. ఒక్కటంటే ఒక్క ఆట గెలవలేదు. వానలు వెనక్కి పోయేసరికి మళ్లీ దోయం.

చెరుకు మొదలైన తొలిరోజుల్లో బాపు, మామ ఇద్దరూ తలలు దించుకొని బండ్ల అడ్డాకు పోయారు. నేనూ వెంట ఉన్నాను. వాళ్లు తీసేయకముందే మనమే చెప్పి తప్పుకుందామని దారిలో మాట్లాడుకున్నారు. గంగారాం ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. బాపు గొంతు సవరించుకొని, జట్టు దిగిపోయింది గనుక మేమిద్దరం దిగిపోతున్నం, ఇంకెవరినన్నా చూసుకోండ్రి అన్నాడు. గంగారాం గడ్డి పరక చేతిలో పట్టుకొని ఆ మాట అర్థం కానట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఓడింది మేము గద సారూ. మీరెందుకు పోతరు?" అన్నాడు.

ముందరి బండి కాంటా దిక్కు కదిలింది. గంగారాం ఎడ్లను అదిలిస్తూ, "జర పక్కకు జరుగుండ్రి, బండి పోవాలె" అన్నాడు.